దసరా సరుకుకు వరద బీమా: పూర్తి విలువకా, సగానికి చాలా?

మలక్‌పేట చీరల షాపు:
మా షాపు మూసారాంబాగ్ దగ్గర. రోడ్డు మీంచి రెండు మెట్లు కిందికి దిగాలి. సగం సరుకు సెల్లార్‌లోనే. మామూలు రోజుల్లో 20 లక్షల సరుకు ఉంటే, దసరాకి 40 అవుతుంది. ఏజెంట్ 20కి ఒకటి, 40కి ఒకటి కొటేషన్ ఇచ్చాడు. తమ్ముడేమో బీమాయే దండగ, ఆ డబ్బుతో ర్యాకులు కొట్టిద్దాం అంటున్నాడు. మీరైతే ఏం చేస్తారు?

ఉస్మాన్‌గంజ్ కిరాణా:
మీ తమ్ముడి మాటే కరెక్టన్నా. 2020 అక్టోబర్ వానలకి మా పక్క షాపాయన పప్పులు, బియ్యం బస్తాలు అన్నీ నానిపోయాయి. ఏటా ప్రీమియం కట్టాడు. చేతికొచ్చింది నష్టంలో సగం. నష్టం లెక్కగట్టే సర్వేయర్ చుట్టూ తిరిగిన తిరుగుడు వేరే.

కోఠి అకౌంటెంట్:
ఆయన పాలసీలో ఎంత రాసుందో చూశారా తమ్ముడూ? సగం రావడానికి మామూలుగా కారణం అదే. షాపులో 40 లక్షల సరుకు ఉండి 20కే బీమా చేస్తే, 10 లక్షల సరుకు తడిసినా కంపెనీ లెక్కగట్టేది 5 లక్షలే. అందులో ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన భాగం, కూడా పోతుంది. ‘20కి ఉంది కదా, 10 మొత్తం వస్తుంది’ అనుకుంటారు చాలామంది. రాదు. 2021 ఏప్రిల్ నుంచి 5 కోట్ల లోపు ఆస్తి ఉన్న వ్యాపారాలకి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ ఉంది. వరద, నీట మునగడం అందులోనే వస్తాయి. బీమా 15 శాతం వరకు తగ్గినా కోత పెట్టరు. సగానికి సగమైతే మాత్రం కోస్తారు.

నాకు భయం వేసేది తేదీలు చూస్తే. 1908లో మూసీ నది హైదరాబాద్‌ని ముంచింది సెప్టెంబర్ 28న. 2020లో అక్టోబర్ 13 రాత్రి, దసరాకి కొద్ది రోజుల ముందు. 2025లో ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి నీళ్లొచ్చింది మళ్లీ సెప్టెంబర్ చివర్లో. షాపు నిండుగా ఉన్నప్పుడే వస్తున్నాయి. మార్చి లెక్కల సరుకు చూసి బీమా చేస్తే ఆ రోజుకి చాలదు. 40కే తీసుకోండి. బరువనిపిస్తే ఇప్పుడు తక్కువకి తీసుకుని, పండగ సరుకు దిగకముందే పెంచమని రాసివ్వండి.

దిల్‌సుఖ్‌నగర్ మొబైల్స్:
సరుకు మీద బ్యాంకు ఇచ్చే సీసీ (క్యాష్ క్రెడిట్) లోన్ ఉన్నవాళ్లు జాగ్రత్త. బ్యాంకు తీయించే పాలసీ చాలాసార్లు లోన్ మొత్తానికే ఉంటుంది. క్లెయిమ్ డబ్బు కూడా ముందు లోన్ ఖాతాకే పోతుంది.

ఉస్మాన్‌గంజ్ కిరాణా:
లెక్క అర్థమైందక్కా. కానీ మా బజార్లో పక్కా బిల్లు లేకుండా తిరిగే సరుకు ఎంతో. బిల్లు లేని బస్తాకి కంపెనీ ఏమిస్తుంది? అందుకే ర్యాకులంటున్నా.

కోఠి అకౌంటెంట్:
బిల్లు లేనిది నిరూపించడం కష్టమే, ఒప్పుకుంటా. కానీ 2020లో అల్ జుబైల్ కాలనీ ఇళ్లలో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. అంత నీటిలో ర్యాకు ఏ పాటి?

చీరల షాపు అన్నా, సెల్లార్ సంగతి దాచొద్దు. సరుకు అక్కడుందని ప్రపోజల్ ఫారంలో రాయించండి. పార్కింగ్ సెల్లార్ అయితే క్లెయిమ్ ఇస్తారో లేదో ముందే కాగితం మీద జవాబు తీసుకోండి. చీరకి కొన్న ధరే లెక్క, అమ్మే ధర కాదు. షాపు మూసిన రోజుల బేరం ఇందులో రాదు, దానికి వేరే పాలసీ ఉంటుంది. నీళ్లొస్తే తడిసిన కట్టలు లేబుళ్లతో సహా ఫోటోలు తీయండి, సర్వేయర్ చూసేదాకా పారేయొద్దు.

మలక్‌పేట చీరల షాపు:
మాది పార్కింగ్ సెల్లారే అక్కా. 40 కొటేషన్‌లో ఆ మాటే లేదు, ఇప్పుడే చూశా. మేడ మీద గది కోసం ఓనర్‌ని అడుగుతున్నా. అది దొరికేదాకా సెల్లార్ అని రాయించమని ఏజెంట్‌కి ఫోన్ చేశా.