వియన్నా నుంచి రైల్లో ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లి అదే రోజు ఫ్లైట్ ఎక్కొచ్చా? అమ్మానాన్న ఇద్దరే వెళ్లాలి

పాలకొల్లు పిల్ల:
అందరికీ నమస్కారమండి. తమ్ముడు ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఇంటర్న్‌షిప్‌లో ఉన్నప్పుడు అమ్మానాన్నకి హైదరాబాద్–దుబాయ్–ఫ్రాంక్‌ఫర్ట్ రానూపోనూ టికెట్లు తీశాం. వాళ్లు అక్కడ ఉండగానే వాడు వియన్నా మారాడు, వీళ్లనీ తీసుకెళ్లాడు. ఇప్పుడు తిరిగి రావాలంటే ఫ్లైట్ మాత్రం ఫ్రాంక్‌ఫర్ట్ నుంచే. వాడికి ఆ వారమంతా పరీక్షలు, తోడు రాలేనంటున్నాడు. పొద్దున్నే వియన్నాలో డైరెక్ట్ రైలు ఎక్కిస్తే ఆరున్నర గంటల్లో, అంటే మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఫ్రాంక్‌ఫర్ట్, ఫ్లైట్ సాయంత్రం ఐదున్నరకి, మధ్యలో నాలుగు గంటలున్నాయి కదా అంటాడు. నాన్న ఇంగ్లీషు బోర్డులు చదువుతారు కానీ మాట్లాడటం తక్కువ, అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా నాలుగు పెట్టెలు. ఇంకో ఐడియా కూడా చెప్పాడు: వియన్నా నుంచే దుబాయ్‌కి విడిగా టికెట్ తీసి, దుబాయ్‌లో మన పాత టికెట్ మీద హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కేస్తే? ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్, ఇక్కడ నాకు నిద్ర పట్టట్లేదు.

గోదారి గట్టు:
నాలుగు గంటలు ఎక్కువే అండి. యూరప్ రైళ్లు గడియారం పెట్టుకుని నడుస్తాయి, మన నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ అనుకున్నారా. ఎక్కించేయండి.

రాజోలు టు రైన్:
గోదారి గట్టు గారూ, మీరు చెప్పేది స్విట్జర్లాండ్ గురించి. జర్మనీలో ఉంటున్నవాణ్ని కాబట్టి చెప్తున్నా, 2024లో ఇక్కడి దూర ప్రయాణ రైళ్లలో టైముకి చేరినవి నూటికి 62 చిల్లర, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని టైముకి వచ్చినట్టే లెక్కేసి, మొత్తానికే రద్దయిన రైళ్లని లెక్కలోకి తీసుకోకుండా. వియన్నాలో టైముకే బయల్దేరుతుంది, ఆస్ట్రియా వైపు పెద్ద ఇబ్బంది ఉండదు. పస్సావ్ దగ్గర జర్మనీలోకి వచ్చాక రేగెన్స్‌బుర్గ్, న్యూరెంబర్గ్, వుర్జ్‌బుర్గ్ మీదుగా రావాలి, అసలు కథ అక్కడ మొదలవుతుంది. ట్రాక్ పనులుంటే చుట్టూ తిప్పి తెస్తారు.

అసలు పాయింట్ ఆలస్యం కూడా కాదక్కా. రైలు టికెట్ వేరు, ఫ్లైట్ టికెట్ వేరు. ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు లేటయిందని నర్సాపురం స్టేషన్లో రైలు ఆపుతారా? అందుకే మా ఇంట్లో పెద్దవాళ్లు ఎప్పుడూ ముందు పంటుకే దాటేసి స్టేషన్లో కూర్చునేవాళ్లు. ఇక్కడా అంతే. రైలు గంట లేటయితే యూరప్ రూల్ ప్రకారం రైలు ఛార్జీలో 25 శాతం, రెండు గంటలు దాటితే సగం వెనక్కిస్తారు. పోయిన ఫ్లైట్ టికెట్‌కి ఆ రూల్ కింద రూపాయి రాదు. ఎయిర్‌లైన్ వాడేమో మీరు రాలేదని రాసుకుంటాడు, అంతే.

రైలూ ఫ్లైటూ ఒకే బుకింగ్‌లో ఉండే పద్ధతి లేకపోలేదు. లుఫ్తాన్సా వాళ్ల ఎక్స్‌ప్రెస్ రైల్‌లో రైలుకి కూడా ఫ్లైట్ నంబరే ఉంటుంది, రైలు లేటయి ఫ్లైట్ తప్పితే తర్వాతి దాంట్లో వాళ్లే పంపాలి. రైల్ అండ్ ఫ్లై అని ఇంకోటుంది, పేరు చూసి మోసపోవద్దు, అది చవక రైలు టికెట్ మాత్రమే, టైముకి చేరే బాధ్యత మనదే. మీ టికెట్లు ఎప్పుడో తీసేశారు కాబట్టి ఈ రెండూ మీకు పనికిరావు.

దుబాయ్ ఐడియా అస్సలు వద్దు. తిరుగు టికెట్లో మొదటి ముక్క ఎక్కకపోతే మిగతాది కూడా మామూలుగా రద్దు చేసేస్తారు. దుబాయ్ కౌంటర్లో నిలబడి మీ నాన్నగారు ఎవరితో వాదిస్తారు? అంతకంటే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి బయల్దేరే ఊరు ఫ్రాంక్‌ఫర్ట్ బదులు వియన్నాకి మార్చడానికి ఎంతవుతుందో అడగండి. ఇద్దరికీ రైలు ఛార్జీ, హోటల్ ఖర్చు కలిపి చూసుకుంటే ఒక్కోసారి అదే నయం.

కొబ్బరాకు:
పై అన్న చెప్పింది కరెక్ట్. ఒకవేళ రైలే ఖాయమైతే కొన్ని సంగతులు. బుక్ చేసేటప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన బ్రాకెట్లో మైన్ అని ఉందో లేదో చూడండి, పోలండ్ సరిహద్దులో ఓడర్ నది ఒడ్డున ఇంకో ఫ్రాంక్‌ఫర్ట్ ఉంది. ఇక్కడ టికెట్ ఉంటే సీటు ఉన్నట్టు కాదు, జర్మన్ రైల్లో సీటుకి విడిగా డబ్బు కట్టి రిజర్వ్ చేయాలి, లేకపోతే పెద్దవాళ్లు ఆరు గంటలు తలుపు దగ్గర పెట్టెల మీద కూర్చోవాల్సి వస్తుంది. ప్లాట్‌ఫాం మీద ఏ, బి, సి అని అక్షరాల బోర్డులు వేలాడుతుంటాయి, మన కోచ్ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో డిస్‌ప్లేలో వస్తుంది, ముందే అక్కడ నిలబడాలి. వియన్నాలో తమ్ముడు ఎక్కిస్తాడు సరే, దిగేటప్పుడు ఎవరు? నాలుగు పెట్టెలు దింపుకుని వాటిని ట్రాలీ మీదకి ఎవరు ఎక్కిస్తారు?

ఆ రైలు ఎయిర్‌పోర్టు దాకా వెళ్తుందా, ఫ్రాంక్‌ఫర్ట్ మెయిన్ స్టేషన్లోనే ఆగిపోతుందా చూడండి. ఆగిపోతే అక్కడ ఎస్8 గానీ ఎస్9 గానీ లోకల్ పట్టుకోవాలి, పావుగంట లోపే ఎయిర్‌పోర్టు. ఎయిర్‌పోర్టులోనూ రెండు స్టేషన్లు, లోకల్స్ ఆగేది ఒకటి, దూరం రైళ్లు ఆగేది ఇంకోటి. ఎయిర్‌పోర్టు దాకా వెళ్లే రైలైతే మెయిన్ స్టేషన్లో దిశ మార్చుకుని వెనక్కి కదులుతుంది, మళ్లీ వియన్నా తీసుకుపోతున్నాడని మీ అమ్మగారు కంగారుపడి దిగిపోకుండా ముందే చెప్పి పెట్టండి.

పాస్‌పోర్టులు మాత్రం నాన్నగారి చేతి సంచిలోనే. షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాలు) అంతా ఒకటే అయినా ఆస్ట్రియా వైపు నుంచి జర్మనీలోకి వస్తుంటే పస్సావ్ దగ్గర పోలీసులు రైలెక్కి అడుగుతుంటారు. పెద్ద పెట్టె అడుగున చాక్లెట్ల కింద పెట్టి తాళం వేస్తే అందరి ముందూ అదంతా విప్పాలి.

పాలకొల్లు పిల్ల:
అమ్మో, ఇంత ఉందా. అయితే ముందు రోజే రైలెక్కించి ఎయిర్‌పోర్టు పక్కన హోటల్లో ఒక రాత్రి ఉంచితే? నాన్న హోటలంటే ఒప్పుకోరు, దండగ ఖర్చంటారు. ఇంకొకటి, అమ్మకి రైలు దగ్గర కూడా వీల్‌చైర్ ఇస్తారా?

రాజోలు టు రైన్:
ఇస్తారు. రైలుకి కనీసం 24 గంటల ముందు, ఎయిర్‌పోర్టులో అయితే 48 గంటల ముందు చెప్పాలి, రెండూ ఫ్రీ. మోకాళ్ల నొప్పి చాలు, డాక్టర్ కాగితాలు అక్కర్లేదు. వీల్‌చైర్ పెట్టుకుంటే ఎయిర్‌పోర్టులో మనిషి వెంట ఉంటాడు, నాన్నగారికి ఇంగ్లీషు బెంగ కూడా పోతుంది. ఇది మాత్రం తప్పకుండా చేయండి.

ముందు రోజు రావడమే నా ఓటు. ఇంకో కారణం కూడా ఉంది. 2025 అక్టోబర్ నుంచి యూరప్ సరిహద్దుల్లో ఈఈఎస్ అని కొత్త కంప్యూటర్ పద్ధతి వచ్చింది, పాస్‌పోర్టు మీద స్టాంపు బదులు ఫొటో తీసి రికార్డు చేస్తారు, బయటికి వెళ్లేటప్పుడు కూడా ఆ లైనే. చాలా ఎయిర్‌లైన్స్ చెక్-ఇన్ కౌంటర్ గంట ముందే మూసేస్తాయి. మీ నాలుగు గంటల్లోంచి అవన్నీ తీసేస్తే మిగిలేది గంటన్నరో రెండో, రైలు లేటుకి అంతకుమించి చోటు లేదు. నాన్నగారికి హోటల్ ఖర్చు అని చెప్పకండి, టికెట్‌లోనే ఉందని చెప్పండి, ఆయ్.

గోదారి గట్టు:
సరే సరే, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ శంషాబాద్‌లో దిగాక నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఏ రోజుకి తీశారు? అదే రోజు రాత్రికైతే అక్కడా ఇదే గొడవ. మన రైల్వేలో 2019 నుంచి రెండు పిఎన్ఆర్‌లు కలిపి పెట్టుకుంటే మొదటి రైలు లేటయి రెండోది తప్పినప్పుడు ఎక్కని రైలు డబ్బులు వెనక్కిస్తున్నారు, కానీ అది రైలుకీ రైలుకీ మాత్రమే, ఫ్లైట్ లేటంటే వినరు.

పాలకొల్లు పిల్ల:
అదే రోజు రాత్రికే తీశానండి, ఇప్పుడే మరుసటి రోజుకి మారుస్తా, ఒక రోజు కూకట్‌పల్లిలో పెద్దమ్మ ఇంట్లో ఉంటారు. రేపు పొద్దున్న ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి వియన్నాకి మార్చడానికి ఎంతో అడుగుతా. మరీ ఎక్కువ చెప్తే ముందు రోజు రైలు, హోటల్. తమ్ముడికి ఈ థ్రెడ్ పంపించా, చూశాడు, ఏమీ అనలేదు.

కొబ్బరాకు:
పరీక్షలు కదా పాపం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాత రూమ్మేట్లు ఎవరైనా ఉన్నారేమో అడగమనండి, స్టేషన్లో దింపుకోవడానికి ఒక్క మనిషి దొరికితే సగం పని అయిపోయినట్టే.