జనవరి దాటినా తోతాపురి మామిడికి పూత రాలే, ఎందుకన్నా?

మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం పక్కన. డిసెంబర్‌లో వానలు పడినాయి, చెట్లన్నీ పూత బదులు చిగురేసి కూర్చున్నాయి. మీ దగ్గర ఎట్లుండాది?

పలమనేరు రైతు: మాకూ అంతే అన్నా. పూతకి ముందు నేల తడారి బెట్టకు రావాల, రాత్రి చలి 15 డిగ్రీల దగ్గర కొన్నాళ్లు నిలబడాల, అప్పుడే మొగ్గ పూతకి తిరిగేది, తడి ఉంటే చెట్టు ఆకుకే పోతాది. లేటుగా వచ్చిన పూతకి మబ్బు పడితే తేనెమంచు పురుగు, బూడిద తెగులు. మందులకే డబ్బులన్నీ పాయె!

కుప్పం తమ్ముడు: మీకు పురుగులు, మాకు ఏనుగులప్పా! కౌండిన్య అడవిలో కుంటలు ఎండితే చెరుకు, అరటి మీద పడతాయి. 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి వచ్చినవే ఇవి.

అడిగినాయన: ఇప్పుడు నీళ్లు పెట్టేదా, ఆపేదా?

పలమనేరు రైతు: ఆపన్నా. పిందె బఠాణీ గింజంత అయినాక పెట్టు.