జాతి వివక్ష మిగిల్చే మానసిక గాయాన్ని గుర్తించే శిక్షణ: సామాజిక సేవా సిబ్బందికి తప్పనిసరి చేయాలా?

తూర్పుగాలి:
అమెరికాలో సామాజిక సేవా రంగంలో ఉన్న మన సభ్యుల అభిప్రాయాలు తెలుసుకోవాలని ఈ చర్చ ప్రారంభిస్తున్నాను. నేను పాఠశాలలో సోషల్ వర్కర్‌ని. జాతి వివక్షను ఏళ్ల తరబడి అనుభవించినవారిలో కనిపించే మానసిక గాయాన్ని, ఇక్కడ రేషియల్ ట్రామా అని వ్యవహరిస్తున్నదాన్ని, గుర్తించి తగిన సాయం అందించే శిక్షణను మా జిల్లాలోని కేస్ వర్కర్లకు, ఆశ్రయ కేంద్రాల సిబ్బందికి, పాఠశాల కౌన్సెలర్లకు తప్పనిసరి చేయాలని ఒక ప్రతిపాదన వచ్చింది. నేను దాన్ని సమర్థిస్తున్నాను. తరగతిలో ఎదురు మాట్లాడిన నల్లజాతి పిల్లవాడి గురించి నా బల్ల మీదికి వచ్చే కాగితాల్లో ‘మొండితనం’, ‘అవిధేయత’ అనే రాసి ఉంటుంది. ఎప్పుడూ ఒళ్లంతా కళ్లు చేసుకుని కూర్చోవడం, నిద్ర పట్టకపోవడం, చిన్న మందలింపుకు కూడా భగ్గుమనడం గాయపు లక్షణాలు కావచ్చునన్న అనుమానం ఆ కాగితం రాసినవారికి రాదు. తప్పనిసరి చేయడం మీద మీరేమంటారు?

ముక్కుసూటి:
నేను వ్యతిరేకిస్తున్నాను. పిల్లల మీద హింస జరిగిందన్న ఫిర్యాదులను దర్యాప్తు చేసే పిల్లల సంరక్షణ శాఖలో చాలా కాలంగా కేస్ వర్కర్‌గా ఉన్నాను కనుక ఇలాంటి శిక్షణలు నాకు కొత్త కాదు. తెర మీద బొమ్మలు చూపిస్తారు, బృందాలుగా కూర్చోబెడతారు, చివర ఒక ప్రశ్నపత్రం నింపిస్తారు, ధ్రువపత్రం చేతిలో పెడతారు. మర్నాడు అవే కేసులు, అదే సూపర్‌వైజరు, అవే గడువులు.

రెండో అభ్యంతరం శాస్త్రానికి సంబంధించింది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం ఐదో కూర్పు ప్రకారం పీటీఎస్‌డీ (భయానక అనుభవం తర్వాత మిగిలే మానసిక రుగ్మత) అని నిర్ధారించాలంటే మరణం, తీవ్రమైన గాయం, లైంగిక హింస, లేదా వీటి ముప్పు, ఏదో ఒకటి ఎదురై ఉండాలి. దుకాణంలో వెంటపడి చూడటం, ఉద్యోగంలో పక్కన పెట్టడం బాధాకరమైనవే, కాదనను. కానీ అవి ఆ నిర్వచనంలోకి రావు. వైద్యులే అంగీకరించని గాయాన్ని ఒక్కపూట శిక్షణ పొందిన కేస్ వర్కర్ ఎలా గుర్తిస్తాడు?

పాతకాపు:
ఈ శిక్షణ పని వేళల్లో ఇస్తారా, శనివారం రమ్మంటారా? ముందు అది తేల్చండి.

నేర్పరి:
ముక్కుసూటి గారూ, నేను క్లినికల్ సోషల్ వర్కర్‌ని, ఇటువంటి శిక్షణలు ఇస్తుంటాను కూడా, కాబట్టి నాకు పక్షపాతం ఉందని మీరు అనుకున్నా నాకు అభ్యంతరం లేదు. డీఎస్ఎం నిర్వచనాన్ని మీరు సరిగానే చెప్పారు, కానీ సగమే చెప్పారు. వృత్తిలో భాగంగా కాకుండా తెర మీద చూసిన హింసను ఆ నిర్వచనం లెక్కలోకి తీసుకోదు. అంటే 2020 మే నెలలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి వ్యక్తి మెడ మీద పోలీసు మోకాలు పెట్టి చంపిన దృశ్యాన్ని ఉద్యోగరీత్యా పదే పదే చూసిన దర్యాప్తు అధికారి అందులోకి రావచ్చు గానీ, తన కొడుకు కూడా రేపు అలాగే పోతాడేమోనని ఆ దృశ్యాన్ని చూస్తూ వణికిన తల్లి రాదు. ఈ తేడాలో వైద్య తర్కం ఎంత ఉందో మీరే ఆలోచించండి.

ఆ నిర్వచనానికి అవతల ఏమీ లేదన్నది కూడా నిజం కాదు. మనస్తత్వవేత్త రాబర్ట్ కార్టర్ 2007లోనే జాతి వివక్ష వల్ల కలిగే ఒత్తిడిని రోగంగా కాక, బయటివారు చేసిన గాయంగా చూడాలని వాదించారు. మరో మనస్తత్వవేత్త మోనికా విలియమ్స్, ఆమె సహచరులు 2018లో ప్రచురించిన ‘అన్‌రెస్ట్స్’ అనే ముఖాముఖి విధానం డీఎస్ఎం చట్రంలోనే ఉండి వివక్షానుభవాలను ఒక క్రమంలో అడిగి తెలుసుకుంటుంది. అదే ఏడాది లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం చూడండి: ఒక రాష్ట్రంలో నిరాయుధుడైన నల్లజాతి వ్యక్తిని పోలీసులు చంపిన తర్వాతి నెలల్లో, ఆ రాష్ట్రంలోని నల్లజాతి పెద్దలు తమ మనసు బాగా లేదని చెప్పిన రోజులు పెరిగాయి, తెల్లవారిలో ఆ పెరుగుదల కనిపించలేదు. మృతుడితో వారికి పరిచయమే లేదు.

కేస్ వర్కర్ రోగనిర్ధారణ చేయాలని ఎవరూ అడగడం లేదు. మానసిక ఆరోగ్యం, వ్యసనాలకు సంబంధించిన ప్రభుత్వ సంస్థ సామ్సా 2014లో ఇచ్చిన మార్గదర్శకం కోరేది నాలుగే: గాయం ప్రభావాన్ని గ్రహించడం, లక్షణాలను గుర్తించడం, దానికి తగినట్టు నడుచుకోవడం, మళ్లీ గాయపరచకుండా ఉండడం. ఈ చివరిదానికి వైద్య పట్టా అవసరం లేదు.

ముక్కుసూటి:
మీరు చెప్పినవన్నీ గాయం ఉందనడానికి ఆధారాలు. నేను అడిగింది శిక్షణ పనిచేస్తుందనడానికి ఆధారం. ఈ రెండూ ఒకటి కావు. అంతర్లీన పక్షపాతాన్ని, అంటే మనకు తెలియకుండానే మనసులో ఉండే పక్షపాతాన్ని, మార్చే ప్రయత్నాల మీద సుమారు ఐదు వందల అధ్యయనాలను కలిపి 2019లో ఫోర్షర్ బృందం విశ్లేషించింది. కొలతల్లో కొద్దిపాటి మార్పు తేవచ్చు గానీ, ఆ మార్పు వల్ల ప్రవర్తన మారిందన్న ఆధారం వారికి దొరకలేదు. కార్పొరేట్ సంస్థల్లో వైవిధ్య శిక్షణను తప్పనిసరి చేసినచోట, కొన్నేళ్లకు మేనేజర్లలో నల్లజాతి మహిళల వాటా తగ్గిందని సామాజిక శాస్త్రవేత్తలు డాబిన్, కాలెవ్ చూపించారు. బలవంతంగా కూర్చోబెట్టినవాడు నేర్చుకోకపోగా ఎదురు తిరుగుతాడు. శిక్షణ పొందిన సిబ్బంది చేతిలో ఒక్క కుటుంబానికైనా మేలు జరిగినట్టు ఏదైనా అధ్యయనం చూపించండి, చాలు.

సందేహి:
జాతి సరే, కులం మిగిల్చే గాయం ఈ శిక్షణలో ఉంటుందా? ఈ వేదికలో ఎవరూ ఆ ఊసెత్తరేం?

నిర్వాహకులు:
సందేహి గారూ, ఆ ప్రశ్నకు విడిగా చర్చ ప్రారంభించండి, స్వాగతిస్తాం. ఇక్కడ ప్రతిపాదిత శిక్షణకే పరిమితం కావాలని మనవి.

నేర్పరి:
అంతర్లీన పక్షపాతం మీద ఇచ్చే శిక్షణ వేరు, ఇది వేరు. అక్కడ సిబ్బంది మనసులో ఉన్నదాన్ని మార్చాలని చూస్తారు. ఇక్కడ ఎదుటి మనిషిలో ఏం చూడాలో, ఏం అడగాలో నేర్పుతాం. మొదటిది విఫలమైందని రెండోదాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు. ఉదాహరణకు, పేదరికం గురించి, నిద్ర గురించి, మద్యం గురించి అడిగే మన ప్రవేశ పత్రంలో ‘మీ జాతి కారణంగా ఎవరైనా మిమ్మల్ని ఇబ్బంది పెట్టారా’ అన్న ప్రశ్న ఉందా? బాల్యంలోని చేదు అనుభవాలపై 1998లో వెలువడిన ప్రసిద్ధ ‘ఏస్’ అధ్యయనంలో కూడా జాతి వివక్ష ప్రస్తావన లేదు. తర్వాత ఫిలడెల్ఫియాలో చేసిన సర్వేలో దాన్ని చేర్చారు. అడగని ప్రశ్నకు జవాబు రాదు కదా.

చెరువుగట్టు:
నేను గృహహింస బాధిత మహిళల ఆశ్రయ కేంద్రంలో స్వచ్ఛందంగా పనిచేస్తాను. నాకు పుస్తకాల సంగతి అంతగా తెలియదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతేలో మన తెలుగు ఇంజనీరును ‘మా దేశం నుంచి పో’ అంటూ కాల్చి చంపిన తర్వాత, మా ఇంట్లో చాలాకాలం బయట తెలుగు మాట్లాడడానికే భయపడ్డాం. మా అబ్బాయికి కడుపునొప్పి అని ఒక కౌన్సెలర్ దగ్గరికి తీసుకువెళ్తే, చదువుల ఒత్తిడి అన్నారు, మేము ఎక్కువ మార్కులు ఆశిస్తున్నామన్నారు. మీ తల్లిదండ్రులు ఇలాగే ఉంటారని నవ్వారు. వాడు ఎందుకు భయపడుతున్నాడో ఆవిడ ఒక్క మాట అడగలేదు. శిక్షణ ఉంటే అడిగి ఉండేవారేమో.

ముక్కుసూటి:
చెరువుగట్టు గారూ, మీ బాధను తక్కువ చేయడం లేదు. కానీ అది ఒక అసమర్థురాలైన కౌన్సెలర్ కథ, విధాన నిర్ణయానికి ఆధారం కాదు. పైగా ఒక్క మాట అనక తప్పదు. మనవాళ్లలో ఒకరి మీద తూటా పేలినప్పుడు మాత్రమే మనకు ఈ గాయం గుర్తుకొస్తుంది. అంతకుముందు నల్లవారుండే వీధిలో ఇల్లు కొనవద్దని ఒకరికొకరం చెప్పుకున్నవాళ్లం మనమే కదా?

చెరువుగట్టు:
నేను ఎవరికీ అలా చెప్పలేదండీ.

నేర్పరి:
చూశారా, ఒక తల్లి తన బిడ్డ గురించి చెబితే మీకు మొదట తోచింది ఆమెను నిలదీయడం. ముక్కుసూటి గారూ, ఈ శిక్షణ ఎవరికి అవసరమో మీ సమాధానమే చెబుతోంది. అధ్యయనాలను అడ్డం పెట్టుకుని మీరు కాపాడుకుంటున్నది మీ సౌకర్యాన్ని. మీ శాఖ సంగతి మాకు తెలియదా? 2017లో అమెరికన్ జర్నల్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చిన అంచనా ప్రకారం ఈ దేశంలో పద్దెనిమిదేళ్లు నిండేలోగా పిల్లల్లో 37 శాతం మంది ఇంటి మీదికి మీ శాఖ దర్యాప్తు వస్తుంది. నల్లజాతి పిల్లల్లో అది 53 శాతం. సగం మంది తలుపులు తట్టే మనుషులకు ఆ తలుపు వెనకాల ఏ భయం ఉందో తెలియనక్కరలేదా?

నిర్వాహకులు:
వ్యక్తిగత ఆరోపణలు వద్దని ఇద్దరికీ మనవి. మరోసారి జరిగితే చర్చ మూసివేస్తాం.

ముక్కుసూటి:
ఆ 53 శాతం గురించి నాకు పాఠం చెప్పనక్కరలేదు, ఆ తలుపులు తట్టేవాడిని నేనే. ఇంతసేపూ అధ్యయనాల వెనక నిలబడి మాట్లాడాను, నిజమే; ఇప్పుడు అసలు భయం చెబుతాను.

ఒక తల్లి నాతో మాట్లాడుతుంది. తనను చిన్నప్పుడు ఫోస్టర్ కేర్‌లో, అంటే కన్నవారి నుంచి తీసుకెళ్లి ఉంచిన పరాయి ఇంట్లో, ఎలా చూశారో, పోలీసు కారు కనబడితే చేతులు ఎందుకు వణుకుతాయో చెబుతుంది. మీరు నేర్పినట్టే నేను శ్రద్ధగా వింటాను, గుర్తిస్తాను, ఫైలులో రాస్తాను. ఆరు నెలల తర్వాత అదే ఫైలు కోర్టులో తెరుస్తారు. ‘తల్లికి పరిష్కారం కాని ట్రామా ఉన్నది, చికిత్స పూర్తయ్యేవరకు పిల్లలను అప్పగించడం క్షేమం కాదు’ అని ఎదుటి న్యాయవాది చదువుతాడు. ఇది నా కళ్లముందు జరిగింది. ఆమె నమ్మి చెప్పిన మాటే ఆమె బిడ్డకు అడ్డుపడింది. నేను వినకపోయి ఉంటే, అర్థం కానట్టు ఊరుకుని ఉంటే, ఫైలులో అది ఉండేది కాదు.

1996లో సుప్రీంకోర్టు జాఫీ వర్సెస్ రెడ్మండ్ కేసులో ఏం చెప్పిందో నేర్పరి గారికి తెలిసే ఉంటుంది. విధి నిర్వహణలో ఒక మనిషిని కాల్చి చంపిన పోలీసు అధికారి తర్వాత లైసెన్స్ ఉన్న సోషల్ వర్కర్ దగ్గర కౌన్సెలింగ్ తీసుకున్నారు. ఆ మాటలను బయటపెట్టమని మృతుడి కుటుంబం కోరితే, ఫెడరల్ కోర్టుల్లో అలాంటి సంభాషణలకు రక్షణ ఉంటుందని తీర్పు ఇచ్చారు. తుపాకీ పేల్చిన అధికారి చెప్పుకున్న మాటలకు గోప్యత ఉంది. నాతో మాట్లాడే తల్లికి అది లేదు, ఎందుకంటే నేను చికిత్స చేసేవాడిని కాదు, దర్యాప్తు చేసేవాడిని. నాలాంటివాడికి మనసు విప్పించే నేర్పు నేర్పితే జరిగేది వైద్యం కాదు, మర్యాదతో కూడిన సాక్ష్య సేకరణ.

తూర్పుగాలి:
ఇది మొదటే చెప్పి ఉంటే సగం చర్చ తప్పేది.

నేర్పరి:
మీ మాట తీసిపారేయదగ్గది కాదు. బానిసత్వం నుంచి పారిపోవాలనుకోవడాన్నే 1851లో కార్ట్‌రైట్ అనే వైద్యుడు ‘డ్రాపెటోమేనియా’ అనే జబ్బుగా ప్రకటించాడు. చేసినవాడిని వదిలి పడినవాడికి జబ్బు అంటగట్టే అలవాటు ఈ దేశంలో పాతదే. మన వృత్తి చేతులు కూడా శుభ్రంగా లేవు. ఆదివాసీ పిల్లలను ఇళ్ల నుంచి వేరుచేయడంలో, రోగులకు చికిత్స ఇవ్వకుండా గమనిస్తూ కూర్చున్న టస్కిగీ సిఫిలిస్ ప్రయోగానికి నల్లవారిని చేర్చడంలో సోషల్ వర్కర్ల పాత్రకు 2021లో మన జాతీయ సంఘమే క్షమాపణ చెప్పింది.

అయినా మీ ముగింపుతో ఏకీభవించను. మీరు రాయకపోతే ఆ ఫైలు ఖాళీగా ఉండదు. ‘తల్లి సహకరించడం లేదు’, ‘కోపిష్ఠి’, ‘అధికారుల పట్ల శత్రుభావం’ అని మరొకరు రాస్తారు, అవి కూడా కోర్టులో చదువుతారు. గాయం అని రాయడమా, గుణం అని రాయడమా అన్నదే అక్కడున్న ఎంపిక. ఆమె భయానికి కారణమైన సంఘటనను, దాన్ని చేసిన సంస్థను రాస్తే వాక్యంలో కర్త మారుతుంది. ‘తల్లికి ట్రామా ఉన్నది’ అని ముగించడమే ప్రమాదం. కార్టర్ రోగం వద్దు, గాయం అనండి అన్నది ఇందుకే. అలా రాయడం ఎలాగో కూడా శిక్షణలోనే నేర్పాలి.

ముక్కుసూటి:
కర్త మారిస్తే న్యాయమూర్తి మనసు మారుతుందని మీకున్న నమ్మకం నాకు లేదు. ఆమె ఏం చెప్పవచ్చో, ఏం చెప్పకుండా ఉండవచ్చో నేను నోరు తెరవకముందే ఆమెకు చెప్పే న్యాయవాది కావాలి. చాలాచోట్ల న్యాయవాది వచ్చేది పిల్లలను తీసుకెళ్లిన తర్వాతే.

చెరువుగట్టు:
మా కేంద్రంలో మాత్రం ఎవరినీ కోర్టుకు పంపం. మాకు ఈ శిక్షణ ఇవ్వడానికి మీ ఇద్దరికీ అభ్యంతరం ఉండకూడదు కదా?

ముక్కుసూటి:
మీకు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. పాఠశాల విషయంలో సందేహమే. తూర్పుగాలి గారు కూడా పిల్లల మీద హింస జరిగిందన్న అనుమానం వస్తే మా శాఖకు తెలియజేయాల్సినవారే. తెలియజేసే బాధ్యత ఉన్నవారికీ లేనివారికీ ఒకే పాఠం చెప్పడమే ఈ ప్రతిపాదనలో నాకు నచ్చనిది.

నేర్పరి:
అలా అయితే ఎక్కువ హాని చేయగలిగినవారిని శిక్షణ నుంచి మినహాయించి, తక్కువ హాని చేసేవారికి నేర్పినట్టవుతుంది. ఒప్పుకోను.

తూర్పుగాలి:
ప్రతిపాదనకు రెండు సవరణలు రాసి పంపుతున్నాను. దర్యాప్తు సిబ్బందికి వేరే పాఠ్యాంశం ఉండాలి, అందులో ఫైలు రాసే పద్ధతి ముఖ్యభాగం కావాలి. తల్లిదండ్రుల తరఫు న్యాయవాదులు కూడా ఆ పాఠ్యాంశాన్ని తయారుచేసే బృందంలో ఉండాలి. ముక్కుసూటి గారూ, మీ పేరు చేర్చమంటారా?

ముక్కుసూటి:
రెండోదానికి చేర్చండి. మొదటిదానికి నా అభ్యంతరాన్ని అభ్యంతరంగానే నమోదు చేయండి.