రూ.8 వేలు పెట్టి రీల్ చేయిస్తే రెండు దుపట్టాలు అమ్మినా. కాలేజీ పిల్లల్ని ఎట్లా పట్టేది?

కరక్కాయ (శ్రీకాళహస్తి): మాది చేతి కలంకారీ. నాయన గీస్తాడు, నేను అమ్ముతా. ఎస్వీయూ, పద్మావతి మహిళా వర్సిటీ, ఐఐటీ, ఐసర్ అన్నీ పక్కనే ఉన్నా, మా దగ్గర కొనేది గుడికొచ్చే పెద్దోళ్ళే. పోయిన నెల ఫాలోయర్లు బాగా ఉండే ఒకమ్మాయితో రీల్ చేయించినా. 40 వేల వ్యూస్, కామెంట్ల నిండా గుండె బొమ్మలు. అమ్ముడుపోయింది మాత్రం రెండు దుపట్టాలు. అనుభవం ఉండేవాళ్ళు చెప్పండన్నా.

బైపాస్ బండి: ఆ వ్యూస్ యాడినుంచి వచ్చినాయో చూసినావా? ఇన్‌సైట్స్‌లో ఊర్ల పేర్లు ఉంటాయి. నాదీ అదే కథ. తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో దోసె బండి నాది, చూసినోళ్ళేమో సగంమంది హైదరాబాదోళ్ళు. వాళ్ళు దోసె కోసం రైలెక్కరు కదా సామీ. తర్వాత 900 మంది ఫాలోయర్లుండే బీటెక్ పిల్లోడికి కడుపునిండా దోసెలు పెట్టినా. వాడి ఫాలోయర్లంతా క్లాసోళ్ళే. వాడు స్టోరీ పెట్టిన సాయంత్రం హాస్టల్ బ్యాచ్ మొత్తం దిగింది. మాడిపోయిన మొదటి దోసె కూడా వదల్లేదు!

హాస్టల్ పిల్ల: మీరు వెతికే కస్టమర్ని నేనే అన్నా. 'ధర కోసం డీఎం చేయండి' అని ఉంటే అక్కడే వదిలేస్తాం. మేం ఒక్కరమే కొనం. స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో వేస్తే, ఎవరో ఒకరు బాగుందంటారు, ఇంకొకరు రేటెంత అంటారు. ఆ రేటు బొమ్మ మీదే లేకపోతే మాట అక్కడితో ఆగిపోతుంది. ఇంకోటి, పోయినేడు ఒక పేజీలో చేతిపని అని కొన్న కుర్తా స్క్రీన్ ప్రింట్ తేలింది. ఫొటో గ్రూపులో పెట్టినా. మా బ్యాచ్‌లో మళ్ళీ ఎవరూ ఆ పేజీ జోలికి పోలేదు.

కరక్కాయ: అమ్మా, ధర పెడితే పక్కంగడోడు తగ్గిస్తాడని భయం.

హాస్టల్ పిల్ల: ప్రింట్ రేటుకి చేతిపని రాదని మాకు తెలుసన్నా. ఎందుకు రాదో చూపించండి.

తోతాపురి (చిత్తూరు): నేను మామిడి తాండ్ర అమ్ముతా. పిల్లల మాటలు అరువు తెచ్చుకోని మీమ్స్ వేసినా. 'అంకుల్, వద్దు' అని ఒకడు కామెంట్ పెట్టినాడు. దానికే లైకులెక్కువ వచ్చినాయి. ఆమీద మా అమ్మ చాప మీద తాండ్ర పొర పూస్తా, మా చిత్తూరు యాసలో కూలోళ్ళని తిడతా ఉంటే తీసినా. అది తిరిగినంత ఇంకేదీ తిరగలేదు.

బైపాస్ బండి: కరెక్ట్. కరక్కాయన్నా, కసిం, అదే మీ నల్లరంగు, వేసేది తీయి. అంతకంటే మంచి వీడియో ఉండదు.

కరక్కాయ: అవునన్నా, రోజూ చూస్తాండామని మాకది వింతనిపించదు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో పులియబెడతాం. కరక్కాయ, పాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద వెదురు కలంతో గీస్తే, గీత కళ్ళముందే నల్లబడతాది. మరి కొండమీద చీరతో ఒక రీల్ తీస్తే?

పాత తిరుపతి: వద్దు నాయనా. తిరుమలలో రీల్స్ తీయొద్దని టీటీడీ హెచ్చరించింది. గంగమ్మ జాతర నాటికి చూసుకో, వేషాలేసినోళ్ళ ఫొటోలు ఊరంతా తిరుగుతాయి. ఇంకోమాట, డబ్బిచ్చి చేయించిన వీడియో అయితే అది ప్రకటనే అని రాయించు. ప్రకటనల మంచిచెడ్డలు చూసే సంస్థ ఏఎస్‌సీఐ 2021లో పెట్టిన నియమం అది. బైపాస్ బండీ, ఊరికే పెట్టిన దోసె కూడా లెక్కలోకొస్తాది!

బైపాస్ బండి: అయితే ఆ మాడిన దోసె కూడా రాయిస్తా సామీ.

కరక్కాయ: రాత్రి కసిం వీడియో పెట్టినా, ధరతో సహా. మొదటి కామెంటే 'ఇది ప్రింటా?' అని. నాయనకి చూపించినా. చేతులు కూడా కడుక్కోకుండా ఫోన్ లాక్కున్నాడు. ఇప్పుడు స్క్రీన్ నిండా నల్ల వేలిముద్రలు.