నాలుగో దశ పెద్దపేగు క్యాన్సర్: కీమో మాన్పించి నట్టల మందు ఇవ్వవచ్చా?

ప్రశ్న (కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా):
మా నాన్నగారికి పెద్దపేగులో మొదలైన క్యాన్సర్ కాలేయానికి పాకింది. ఫాల్‌ఫాక్స్ అనే, కొన్ని మందులు కలిపి ఇచ్చే కీమో నాలుగు విడతలు పూర్తయ్యాయి. వేళ్ళ తిమ్మిర్లతో, చల్లనీళ్ళు తాకితే ఓర్వలేక ఆయన పడుతున్న బాధ చూసి, మా మేనమామ కీమో మాన్పించి, గొర్రెలకు తాపే నట్టల మందు ఫెన్‌బెండజోల్ ఇమ్మంటున్నారు. మందు సీసా ఇంట్లోనే ఉంది. పాత మందును వేరే జబ్బుకు వాడడం శాస్త్రం ఒప్పుకున్నదే కదా అంటే నాకు జవాబు తోచడం లేదు.

జవాబు (కర్నూలు, ఫార్మసిస్టు):
అమ్మా, మీ మేనమామ మాటలో సగం నిజముంది. లెవామిసోల్ కూడా గొర్రెల నట్టల మందే. శస్త్రచికిత్స అయిన మూడో దశ పెద్దపేగు క్యాన్సర్ రోగులకు దాన్ని 5-ఎఫ్‌యూ అనే కీమో మందుతో కలిపి ఇస్తే మరణాలు మూడో వంతు తగ్గాయని తేలడంతో, 1990లో అమెరికాలో అనుమతి ఇచ్చారు. అయితే అది ఒక్కటే ఇచ్చినప్పుడు ఏ మేలూ కనబడలేదు. తర్వాత 5-ఎఫ్‌యూ ప్రభావాన్ని పెంచే ల్యూకోవొరిన్ అనే మందు ఆ స్థానాన్ని తీసుకుంది. మీ నాన్నగారి ఫాల్‌ఫాక్స్‌లో ఉన్నది అదే. నట్టల మందని వైద్యులు లెవామిసోల్‌ను చిన్నచూపు చూడలేదు, వందలమంది రోగులలో పరీక్షించి వాడారు, పరీక్షించే వదిలేశారు. ఫెన్‌బెండజోల్ గురించి చెప్పే ఫలితాలు ప్రయోగశాల కణాలలో, ఎలుకలలో కనిపించినవే. పైగా సొంతంగా మింగినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. ఇప్పటికే జబ్బు చేరిన కాలేయం మీద ఆ భారం వేయకండి.

జవాబు (ప్రొద్దుటూరు, కడప జిల్లా):
మా అమ్మకూ ఇదే జబ్బు. తిమ్మిర్లు ఫాల్‌ఫాక్స్‌లోని ఆక్సాలిప్లాటిన్ అనే మందు వల్ల వస్తాయి. డాక్టరుగారికి చెబితే ఆ ఒక్క మందు మోతాదు తగ్గించి, లేదా ఆపి, మిగతావి కొనసాగిస్తారు. దానికోసం చికిత్స మొత్తం మానుకోనక్కరలేదు. ఎమ్‌ఎస్‌ఐ (క్యాన్సర్ కణాలు తమ డీఎన్‌ఏ తప్పులను సరిదిద్దుకోలేని లోపం), ఆర్‌ఏఎస్ (కొన్ని జన్యువులలో మార్పు) పరీక్షలు జరిగాయా అని తప్పక అడగండి. నాలుగో దశలో నూటికి సుమారు ఐదుగురిలో ఎమ్‌ఎస్‌ఐ ఎక్కువగా ఉంటుంది. అలాంటివారిలో పెంబ్రోలిజుమాబ్ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొలిపే మందు)తో జబ్బు ముదరకుండా మధ్యస్థంగా 16.5 నెలలు నిలిచిందని, కీమోతో 8.2 నెలలేనని 2020లో తేలింది. మాకు ఆ పరీక్ష గురించి ఎవరూ చెప్పలేదు, ఐదు నెలలు ఆలస్యమైంది. ఆ బాధ నాకింకా తీరలేదు.

ప్రశ్న అడిగినవారు:
ఫైలంతా వెదికాను, ఆ రెండు పరీక్షల పేర్లూ ఎక్కడా లేవు. సోమవారం డాక్టరుగారిని అడుగుతాను. మామను కూడా వెంట తీసుకెళుతున్నాను. తన సందేహం ఆయనే నేరుగా అడుగుతానన్నారు.