అప్‌డేట్: మేడ మీద మొక్కలకి ఆకులు మాడిపోతున్నాయని అడిగాను కదా

రెండు నెలల క్రితం అడిగాను, విశాఖ పెదవాల్తేరులో మా మేడ మీద కుండీల్లో ఆకుల అంచులు మాడిపోతున్నాయి, తెగులా అని. తెగులు కాదండీ, మీలో ఒకరు చెప్పినట్టు సముద్రపు గాలిలో ఉప్పే. వేలితో ఆకు తుడిచి నాలుక మీద పెట్టుకుంటే తెలిసిపోయింది! కుండీలన్నీ వాటర్ ట్యాంకు చాటుకి జరిపి, సముద్రం ఉన్న తూర్పు వైపు గ్రీన్ నెట్ కట్టి, రోజూ పొద్దున్నే ఆకుల్ని మంచినీళ్లతో కడుగుతున్నాను. టమాటా దక్కలేదు. తోటకూర మాత్రం 28 రోజులకే రెండు కట్టలొచ్చింది, ఆ వారం రైతుబజారులో ఆకుకూర కొనలేదు. వామాకుకి అసలేమీ కాలేదు, దళసరి ఆకు కదా. పిల్లాడి దగ్గుకని పెంచితే మా అత్తయ్యగారు సగం బజ్జీలేసేశారు. నేలవేము (చేదుగా ఉండే మందు మొక్క) ఇప్పుడే మొలిచింది, అగ్గిపుల్ల తలంత ఉంది.