పాత సైన్స్ ఫిక్షన్ సిరీస్‌ను మళ్లీ తీస్తే కథ ఎక్కడి నుంచి ఎత్తుకోవాలి?

టవర్‌క్లాక్_అనంతపురం:
మా నాన్న దూరదర్శన్‌లో స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష సిరీస్ చూసినవాడు. అందులో స్పాక్ అనే పాత్ర అంటే ఇప్పటికీ ప్రాణం. నాకూ ఆ పిచ్చి అంటుకుంది. ఇంటర్ చదివే మా చెల్లెలు మాత్రం "అన్నేళ్ల కథ ఎవరు చూస్తారన్నా" అని లేచిపోతోంది. ఇలాంటి పాత సిరీస్‌ను కొత్తగా తీస్తే, పాతదంతా పక్కనపెట్టి మొదటి నుంచి చెప్పడం మేలా, ఆగినచోట నుంచి సాగించడం మేలా? బ్యాటిల్‌స్టార్ గలాక్టికాను 2003లో మొత్తం మార్చేశారు, నాకు బాగా నచ్చింది. అందుకే ఎటూ తేల్చుకోలేకపోతున్నా.

పెన్నా_ప్రొద్దుటూరు:
పక్కనపెట్టాల్సిన పని లేదు తమ్ముడూ. గలాక్టికా సంగతి వేరు, 1978లో మొదలైన పాత సిరీస్ ఎక్కువ కాలం నడవలేదు. దశాబ్దాలు నడిచిన కథకు ఆ లెక్క కుదరదు.

నేను ఇక్కడ కేబుల్ కంట్రోల్ రూంలో పనిచేసే రోజుల్లో రాత్రిళ్లు స్టార్ ట్రెక్ ఎపిసోడ్లు ఏవంటే అవి తగిలేవి. ముందు వెనక తెలియదు. అయినా కట్టిపడేసేవి. జనం భయపడేది పాత కథను చూసి కాదు, అదంతా ముందే తెలిసుండాలి అన్నట్టు తీస్తే భయపడతారు.

డాక్టర్ హూ చూడు, కాలంలో తిరిగే 'డాక్టర్' అనే గ్రహాంతరవాసి కథ, చావు దగ్గరికొస్తే అతని రూపమే మారిపోతుంది. బీబీసీలో 1963లో మొదలై 1989లో ఆగిపోయింది. 1996లో ఒక టీవీ సినిమా తీశారు. మొదటి నిమిషంలోనే పాత శత్రువులైన డాలెక్‌లు (లోహపు కవచంలో తిరిగే జీవులు), మాస్టర్, డాక్టర్ సొంత గ్రహం గాలిఫ్రే అన్నీ కుమ్మరించారు, కాసేపటికే డాక్టర్ రూపం మారిపోయింది. కొత్తవాడికి ఏం ఎక్కుతుంది? సిరీస్ రాలేదు.

2005లో రస్సెల్ టి డేవిస్ కథను డాక్టర్‌తో మొదలుపెట్టలేదు. లండన్‌లో బట్టల షాపులో పనిచేసే రోజ్‌తో మొదలుపెట్టాడు. అలారం మోగుతుంది, లేస్తుంది, పనికి పోతుంది. సాయంత్రం షాపు కింది గదిలో బొమ్మలు కదిలి మీదికొస్తాయి. ఎవరో చెయ్యి పట్టుకుని "పరుగెత్తు" అంటాడు. ఆమెకు తెలిసినంతే మనకూ తెలుస్తుంది. నిజానికి ఆ బొమ్మలు 1970 నాటి పాత శత్రువులే. తెలిసినవాళ్లు మురిసిపోతారు, తెలియనివాళ్లకు బొమ్మ కదిలితే చాలు.

ఆరో ఎపిసోడ్‌లో డాలెక్ వస్తుంది. మెట్లెక్కలేదనీ, చేతికి సింకు ప్లంజర్ ఉందనీ దాన్ని చూసి అప్పటికే నవ్వుకునేవాళ్లు. అందుకని వందల డాలెక్‌లను దింపలేదు. ఒక్కటే, అమెరికాలో ఒక కోటీశ్వరుడి భూగర్భ మ్యూజియంలో, గొలుసులతో కట్టేసి. అప్పటిదాకా దేనికీ బెదరని డాక్టర్ దాని గొంతు వినగానే "నన్ను బయటికి వదలండి" అని తలుపు బాదుతాడు. డాక్టర్‌గా చేసిన నటుడు ఎక్లెస్టన్ ముఖం చూడాలి. ఆ భయం చాలు, చరిత్ర పాఠం అక్కర్లేదు. తర్వాత అది మెట్ల దగ్గర ఆగుతుంది. పైనున్నవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. అది మెల్లగా గాల్లోకి లేస్తుంది.

కొండారెడ్డిబురుజు_కర్నూలు:
అన్న మాటే నాదీ. 1987లో స్టార్ ట్రెక్‌ను నెక్స్ట్ జనరేషన్ పేరుతో కొత్తగా తీసినప్పుడు కథ దాదాపు నూరేళ్లు ముందుకు పోయింది. కొత్త నౌక, కొత్త కెప్టెన్ పికార్డ్. మొదటి ఎపిసోడ్‌లో పాత స్టార్ ట్రెక్‌లో నౌక వైద్యుడైన మెకాయ్ ముసలివాడై కారిడార్‌లో కాసేపు మాట్లాడిపోతాడు, పేరు కూడా చెప్పరు. స్పాక్ వచ్చింది 1991లో, పికార్డ్ బృందం మీద జనానికి గురి కుదిరాక. ఆ ఓపిక ఇప్పుడు లేదు, పాత ముఖాన్ని ట్రైలర్‌లోనే చూపించేస్తారు.

ఇంకో బాధ ఏంటంటే, నెక్స్ట్ జనరేషన్ మొదటి సీజన్ నిజంగా తేలిపోయింది. కానీ దాంట్లోనే 26 ఎపిసోడ్లు ఉన్నాయి, ఏడు సీజన్లు నడిచింది, పాత్రలు కుదురుకున్నాయి. ఇప్పుడు సీజన్‌కు పది ఎపిసోడ్లు తీసి, నచ్చకపోతే అక్కడికే ఆపేస్తున్నారు. కథ ఎక్కడ మొదలుపెట్టారన్నదానికంటే నాకు ఇదే పెద్ద టెన్షన్.

టవర్‌క్లాక్_అనంతపురం:
ఆదివారం చెల్లెలికి 'రోజ్' ఎపిసోడ్ పెడతాను. ముందు కొంచెం కథ చెప్పి కూర్చోబెట్టనా?

పెన్నా_ప్రొద్దుటూరు:
వద్దు. డాలెక్ ఎపిసోడ్ దాకా వరసగా చూడనివ్వు, నువ్వు నోరు విప్పకు. నాన్నను కూడా పక్కన కూర్చోబెట్టు, అడిగితే ఆయన చెప్తాడు.